చిన్న పోలీస్ సినిమా మళ్ళీ నిరాశపరిచింది: తప్పు బడ్జెట్‌దా, రాతదా?

మార్నింగ్ షో

శుక్రవారం వచ్చిన ఆ చిన్న పోలీస్ సినిమా చూశాను. పేరు రాయడం లేదు. తీసింది కొత్తవాళ్ళు, నటించినవాళ్ళలో కొందరికి ఇదే మొదటి సినిమా. వికారాబాద్ అడవి, బావిలో శవం, కొత్తగా పోస్టింగ్ వచ్చిన ఎస్సై అంటే చూసినవాళ్ళకు అర్థమైపోతుంది.

మొదటి ఇరవై నిమిషాలు నిజంగా బాగున్నాయి. పొలం బావిలో శవం తేలుతుంది. చూసిన రైతు ఒక్కడే స్టేషన్‌కు రావడానికి భయపడి, ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. రైటర్ ఫిర్యాదు రాసుకుంటుంటే ప్రతి వాక్యానికీ ఆగి "నాకేం కాదు కదా సారూ" అని అడుగుతాడు. వెనక మ్యూజిక్ కూడా లేదు. మంచి సినిమాకే వచ్చానని గట్టిగా నమ్మాను.

ఆ తర్వాత సినిమా ఆ బావి మొహం చూడదు. రెండో హత్య, మూడో హత్య, హీరో స్లోమోషన్‌లో జీపు దిగడం, ఇంటర్వెల్‌లో ముసుగు మనిషి. సెకండాఫ్‌లో ఎంతకీ అవ్వని ఫ్లాష్‌బ్యాక్. హంతకుడెవరో ఎస్సై కనిపెట్టడు, హంతకుడే వచ్చి కూర్చుని మొత్తం చెబుతాడు. పోలీసు కథలో పోలీసు పనే లేకుండా పోయింది. నా బాధ అది.

బడ్జెట్ లేదు కాబట్టే ఇలా వచ్చిందని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోలేను. సినిమా మొత్తంలో గొప్పగా ఉన్న సీనే అన్నిటికంటే తక్కువ ఖర్చుతో తీసింది. ఒక టేబుల్, ముగ్గురు మనుషులు, ఒక కాగితం. మీరేమంటారు?

బెంచీ టికెట్

నేనూ చూశాను అన్నా. ఇంటర్వెల్ తర్వాత హాల్లో చాలామంది ఫోన్లు తీశారు. రైతు వేషం వేసినాయన ఎవరో కానీ ఆయనకు దండం పెట్టాలి. ఆయన్ని మళ్ళీ చూపిస్తారేమోనని చివరిదాకా కూర్చున్నాను, చూపించలేదు.

కృష్ణాతీరం

కొంచెం కఠినంగా మాట్లాడుతున్నారేమో అండీ. పెద్ద హీరో పోలీసుగా చేస్తే మనం ఈ ప్రశ్నలేవీ అడగం. ఒక్క దెబ్బకు పదిమంది ఎగిరిపడినా చప్పట్లు కొడతాం. ఉన్నదంతా పెట్టి ఎవరో ఒక నిర్మాత ఇది తీశాడు. థియేటర్ అద్దె కట్టాడు, డిజిటల్ ప్రొజెక్షన్ చార్జీలు కట్టాడు. మొదటి రోజే పదిమంది ఇలా రాస్తే సోమవారానికి ఆట ఎత్తేస్తారు. కెమెరా పనితనం బాగుంది, అడవి బాగా చూపించారు, క్లైమాక్స్‌లో ఎన్‌కౌంటర్‌కు నేనున్న హాల్లో ఈలలు పడ్డాయి. కొత్తవాళ్ళకు కొంత వెసులుబాటు ఇవ్వాలి.

మార్నింగ్ షో

కృష్ణాతీరం గారూ, వెసులుబాటు ఇచ్చాను కాబట్టే పేరు రాయలేదు. విగ్గు సరిగ్గా లేకపోయినా, రాత్రి సీన్లు పగలు తీసి నీలం చేసినా, జూనియర్ ఆర్టిస్టులు చాలక అంత్యక్రియల్లో ఎనిమిది మందే ఉన్నా నాకు పట్టింపు లేదు. అవి డబ్బుతో వచ్చే లోపాలు. కానీ చచ్చిపోయిన మనిషి ఎవరో ఇంటర్వెల్ దాకా ఒక్క పోలీసూ అడగడు. అది అడగడానికి ఖర్చేముంది?

మనకు చిన్న ఖర్చుతో వచ్చిన మంచివి లేకపోలేదు. 2016లో క్షణం వచ్చింది. 2019లో ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ నెల్లూరులో ఒక మామూలు డిటెక్టివ్‌ను పెట్టి, అతను వెతికే పనినే కథగా నడిపింది. ఆ రెండిటికీ పేరు తెచ్చింది హంగులు కాదు. తర్వాత ఏం బయటపడుతుందోనని మనల్ని కూర్చోబెట్టిన రాత.

ఖాకీ క్వార్టర్స్

నేను రాయాల్సిన చోటు ఇదే అనిపించింది. మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. పోలీస్ క్వార్టర్స్‌లోనే పెరిగాను. ఈ సినిమా నాన్నతో కలిసి చూశాను, ఆయన మొదటి అరగంటలోనే నీరసపడిపోయారు.

ముందు యూనిఫాం. సీఐ పాత్రకు భుజం మీద మూడు నక్షత్రాలున్నాయి, కింద ఎరుపు, నీలం రిబ్బను లేదు. రిబ్బను లేని మూడు నక్షత్రాలంటే డీఎస్పీ. రిబ్బనుతో రెండైతే ఎస్సై, మూడైతే సీఐ. స్టేషన్ బయట టీ కొట్టు అబ్బాయికి కూడా తెలిసిన సంగతి ఇది. ఇంకొకటి, వికారాబాద్ జిల్లాలో "ఏసీపీ గారు వస్తున్నారు" అంటారు. ఏసీపీ, డీసీపీ అన్నవి కమిషనరేట్లలో ఉంటాయి. హైదరాబాద్, సైబరాబాద్, వరంగల్ లాంటి చోట్ల. ఎస్పీ ఉండే జిల్లాలో ఆ కుర్చీలో కూర్చునేది డీఎస్పీ.

ఇవి చిన్నవే, వదిలేద్దాం. నాన్నను ఎక్కువ బాధపెట్టింది వేరే. బావిలో శవం దొరికిన వెంటనే ఎస్సై "ఇది మర్డర్" అంటాడు. అలా జరగదు. ముందు అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు. శవ పంచనామా చేస్తారు, పంచులను, అంటే ఊళ్ళో సాక్షులను, పిలుస్తారు, పోస్టుమార్టానికి పంపుతారు. హత్య అని తేలితే సెక్షన్ ఆల్టర్ చేస్తూ కోర్టుకు మెమో పంపుతారు. హత్య కేసు కాగానే సాధారణంగా దర్యాప్తు సీఐ చేతికి వెళుతుంది. ఆ క్షణం నుంచి ఎస్సై కింద పనిచేసే మనిషి. కథంతా ఈ ఎస్సై భుజం మీద నడపాలనుకున్నారు కదా, మరి తన కేసు తన చేతిలోంచి పోవడం ఎంత పెద్ద సీను! సీఐ అనుభవం ఉన్నవాడు, ఎస్సై బావి దగ్గర ఏదో చూశాడు, సీఐకి అది పనికిరాని విషయంగా కనబడుతుంది. గొడవ అక్కడుంది. దాన్ని వదిలేసి సీఐని లంచగొండిని చేసి పక్కన పడేశారు.

నాన్న అన్నది రాస్తున్నాను: "స్టేషన్‌ను నడిపేది రైటరూ, పాత హెడ్డూరా. ఏ ఊళ్ళో ఎవరికి ఎవరితో పొలం తగాదా ఉందో వాళ్ళకు తెలుసు. సినిమాలో వాళ్ళిద్దరూ సెల్యూట్ కొట్టడానికే ఉన్నారు."

బెంచీ టికెట్

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. రిబ్బను సంగతి ఇప్పుడే తెలిసింది.

నల్లకోటు

క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. ఖాకీ క్వార్టర్స్ గారు రాసినదానికి ఇంకొంచెం కలుపుతాను.

కథ 2025లో జరుగుతుందని తెర మీద వేశారు. హీరో మాత్రం "త్రీ నాట్ టూ కింద లోపలేస్తా" అంటాడు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, ఆ తర్వాత జరిగిన హత్యకు సెక్షన్ 103. పాత సెక్షన్ అలవాటుగా నోటికి రావడం సహజమే, మా కోర్టుల్లోనూ వస్తుంది. కానీ తెర మీద చూపించిన ఎఫ్ఐఆర్ కాగితం మీద కూడా 302 అనే ఉంది.

అనుమానితురాలైన స్త్రీని రాత్రి రెండింటికి హీరో ఇంట్లోంచి లాక్కొస్తాడు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు, అసాధారణ పరిస్థితుల్లో తప్ప స్త్రీని అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. అదే స్టేషన్‌లో ఒక మహిళా కానిస్టేబుల్ పాత్ర ఉంది, ఆ అమ్మాయి బాగా చేసింది కూడా. ఆ రాత్రి ఆమె ఎక్కడికి పోయిందో తెలియదు.

అసలు దెబ్బ క్లైమాక్స్‌లో తగిలింది. హంతకుడు ఎస్సై ముందు నేరం ఒప్పుకుంటాడు, అందరూ కేసు తేలిపోయిందని ఊపిరి పీల్చుకుంటారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న నియమమే కొత్త భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. చెల్లేది ఒక్క ముక్క: నిందితుడు చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువో, శవమో బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత మేరకు ఆ మాట పనికొస్తుంది. అంటే ఒప్పుకోలుతో పోలీసు పని అయిపోదు. "కత్తి ఎక్కడ పడేశావు" అన్నదగ్గర అసలు పని మొదలవుతుంది. ఆ కత్తి దొరకాలి, పంచుల ముందు దొరకాలి, ఇప్పుడైతే స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి కూడా. ఆ పంచు రేపు కోర్టులో అడ్డం తిరగకుండా నిలబడాలి. సాక్షి అడ్డం తిరిగితే ఏళ్ళ తరబడి నడిచిన కేసు ఎలా కూలిపోతుందో మేము చూస్తుంటాం. ఆ భయం తెర మీద ఎందుకు కనబడదు?

కృష్ణాతీరం

చట్టం పుస్తకం ప్రకారం తీస్తే సినిమా ఎవరు చూస్తారు సార్? జనం కేసు డైరీ చదవడానికి రారు కదా. నాలుగు పంచనామాలు చూపిస్తే ల్యాగ్ అంటారు.

నల్లకోటు

పుస్తకం ప్రకారం తీయమని కాదండీ. పోలీసు పాత్ర చట్టాన్ని దాటినా సరే, తను దాటుతున్నానని ఆ పాత్రకు తెలియాలి. "రాత్రి పూట ఆడమనిషిని తేకూడదు సార్" అని కానిస్టేబుల్ చేత ఒక్క మాట చెప్పించి, ఎస్సై వినకుండా వెళితే ఆ సీను బరువే మారిపోతుంది. రేపు మేజిస్ట్రేటు ముందు ఏం సమాధానం చెప్పాలన్న టెన్షన్ అదనంగా వస్తుంది. నియమం ఉన్నదని ప్రేక్షకుడికి తెలిసినప్పుడే దాన్ని మీరడంలో ఉత్కంఠ ఉంటుంది.

ఎన్‌కౌంటర్ గురించి కూడా చెప్పాలి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆరోజు పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథనాన్ని నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. 2022లో ఆ నివేదిక బయటికొచ్చింది. ఇది మన తెలంగాణలో, మన కళ్ళ ముందు జరిగింది. ఇంత జరిగాక కూడా, అదే గడ్డ మీద కథ పెట్టుకుని, ఎన్‌కౌంటర్‌ను ఇంకా ఈల వేయించే ముగింపుగా వాడుకుంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే సీఐడీ గానీ వేరే స్టేషన్ గానీ స్వతంత్రంగా దర్యాప్తు చేయాలని, మేజిస్ట్రేటు విచారణ జరగాలని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఈ సినిమా ఆగిపోయిన చోట ఇంకో కేసు మొదలవ్వాలి.

కృష్ణాతీరం

ఆ సంగతి ఆలోచించదగ్గదే సార్. అయినా హాల్లో ఈల వేసినవాడి కోపాన్ని నేను తప్పుపట్టలేను. కేసులు ఏళ్ళ తరబడి నడుస్తాయని మీరే అన్నారు కదా.

నల్లకోటు

నిజం. ఆ ఏళ్ళు ఎందుకు పడతాయో చూపించే సినిమా వస్తే ఆ కోపం సరైన చోటికి వెళుతుందని నా ఆశ.

తెరవెనుక

చిన్న సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తుంటాను. ఈ సినిమాకు చేయలేదు, కానీ ఇలాంటివి చాలా నా చేతుల మీదుగా వెళ్ళాయి. లోపల ఏం జరుగుతుందో కొంత చెబుతాను.

స్క్రిప్టులో దర్యాప్తు సీన్లు ఉంటాయి. నిజంగానే ఉంటాయి, నేను చదివాను. షూటింగ్ రెండో వారంలో వాన పడుతుంది, లేదా పేరున్న ఆర్టిస్టు కాల్షీట్ మారుతుంది. షెడ్యూల్ కుదించాలి. అప్పుడు ముందు ఎగిరిపోయేవి అవే. ఫైటు తీసేయరు, ట్రైలర్‌కు కావాలి. పాట తీసేయరు, ఆడియో కంపెనీకి కావాలి. పేరున్న ఆర్టిస్టు ఉన్న ఫ్లాష్‌బ్యాక్ తీసేయరు, పోస్టర్ మీద ఆయన మొహమే ఉంది. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఇంటింటికీ తిరిగి అడిగే సీను తీసేస్తే ఎవరూ ఏమీ అనరు. ఎడిటింగ్‌కు వచ్చాక కథ అతకదు. ఆ కన్నం పూడ్చడానికి హీరో చేత డబ్బింగ్‌లో ఒక మాట వేయిస్తారు, "వాడి కాల్ డేటా తీశాను" అని. వెనక నుంచి షాటు ఉంటే పెదాలు కనబడవు కాబట్టి ఏ మాటైనా అతికించొచ్చు. ఈ సినిమాలో హీరో వీపు కనబడుతూ మాట్లాడిన ప్రతిచోటా నాకు షూట్ చేయకుండా వదిలేసిన ఒక సీను వినబడింది.

తర్వాత ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం. సీనులో లేని ఉత్కంఠను మ్యూజిక్‌తో నింపమంటారు. ఫిర్యాదు సీను మీద మ్యూజిక్ లేదని మార్నింగ్ షో గారు గమనించారు చూడండి, నాకు చాలా సంతోషమేసింది. కలం కాగితం మీద గీసుకునే చప్పుడు, ఫ్యాన్ చప్పుడు, బయట వైర్‌లెస్ సెట్‌లో ఎవరిదో గొంతు. అంతే. ఎవరో ఆ సీనును గట్టిగా కాపాడుకున్నారు.

కాబట్టి బడ్జెట్ అసలు కారణం కాదని నేను పూర్తిగా అనలేను. డబ్బు తగ్గినప్పుడు దేన్ని వదులుకుంటారన్నది మాత్రం డైరెక్టర్ నిర్ణయమే.

మార్నింగ్ షో

హీరో వీపు కనబడే సీన్ల సంగతి చదివాక సినిమా మళ్ళీ కళ్ళ ముందు తిరిగింది. టవర్ లొకేషన్ సీను కూడా అలాంటిదేనా? మ్యాప్ మీద ఎర్ర చుక్క కదులుతూ ఒక ఇంటి గుమ్మం ముందు ఆగుతుంది.

ఖాకీ క్వార్టర్స్

అది ఏ సినిమాలోనైనా అంతే, నాన్నకు ఎప్పుడూ మండేది అక్కడే. టవర్ డంప్ తీస్తే ఆ టవర్ పరిధిలో ఆ సమయానికి ఉన్న నంబర్లన్నీ వస్తాయి. ఊరికి దూరంగా పొలాల్లో ఒక టవర్ కిలోమీటర్ల మేర పనిచేస్తుంది, ఆ జాబితా చాంతాడంత ఉంటుంది. అందులోంచి ఊరివాళ్ళను తీసేసి, బస్సులో వెళ్ళిపోయినవాళ్ళను తీసేసి, మిగిలినవాటిని రెండో సంఘటన జరిగిన చోటి జాబితాతో పోల్చాలి. ఒక కానిస్టేబుల్ రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని. రెండు జాబితాల్లోనూ ఒకే నంబరు కనబడినప్పుడు ఆ కానిస్టేబుల్ మొహం చూపిస్తే ఏ ఎర్ర చుక్కా అక్కర్లేదు.

కొత్త కలం

నమస్తే అందరికీ. అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను, సొంతంగా ఒక పోలీస్ కథ రాసుకుంటున్నాను. ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. నా ఇబ్బంది ఏమిటంటే, నిర్మాతకు కథ చెప్పేటప్పుడు మొదటి ప్రశ్న "ట్విస్ట్ ఏంటి?" అని వస్తుంది. ఇన్వెస్టిగేషన్ చెబుతుంటే ఫోను చూసుకుంటారు, హంతకుడు ఫలానా అనగానే తల ఎత్తుతారు. ఓటీటీ వాళ్ళు చిన్న సినిమాకు ముందు డబ్బు ఇవ్వడం తగ్గిపోయింది, ఎంతసేపు చూస్తే అంత అన్న లెక్క మీద తీసుకుంటామంటున్నారు. అందుకని మొదటి పది నిమిషాల్లోనే ఒక హత్య, ఒక షాకు పెట్టమంటున్నారు. నేను ఏం చేయాలి?

తెరవెనుక

తమ్ముడూ, ట్విస్ట్ పెట్టు, తప్పు లేదు. కానీ ఆ ట్విస్ట్ పోలీసు చేసిన పనిలోంచి బయటపడాలి. హంతకుడు ఎవరన్నది నువ్వు నిర్మాతకు చెప్పేటప్పుడు, ఎస్సైకి ఎలా తెలిసిందన్నది కూడా అదే ఊపిరిలో చెప్పు. ఆ రెండూ విడివిడిగా చెప్పగలిగితే నీ కథలో ఏదో ఒకటి అతకలేదని అర్థం. ఇంకో మాట. లొకేషన్లు తగ్గించుకో. స్టేషన్, బావి, మార్చురీ బయటి వరండా, ఒక ఇల్లు. అవే చోట్లకు మళ్ళీ మళ్ళీ వెళ్ళేలా రాసుకుంటే షెడ్యూల్ కుదించినా దర్యాప్తు సీన్లు కోతకు గురికావు, ఎందుకంటే కోయడానికి వేరే ఏమీ ఉండదు.

బెంచీ టికెట్

మలయాళంవాళ్ళు పోలీసుల మధ్య పైవాడు, కిందివాడు అనే తేడా మీదనే సినిమా నడిపిస్తారు. 2021 నాయట్టు అలాంటిదే, మన దగ్గర 2023లో కోటబొమ్మాళి పీఎస్ పేరుతో తీశారు. ఖాకీ క్వార్టర్స్ గారు చెప్పిన సీఐ, ఎస్సై గొడవ అలా వస్తే నేను మొదటి ఆటకే వెళతా.

కొత్త కలం

ఖాకీ క్వార్టర్స్ గారూ, మీ నాన్నగారిని ఒకటి అడిగి చెప్పగలరా? బావిలో దొరికిన శవం ఎవరిదో తెలియకపోతే నిజంగా ఎలా కనుక్కుంటారు? ఆధార్ వేలిముద్ర పెట్టి క్షణంలో తెలుసుకుంటారని నా స్క్రిప్టులో రాశాను.

ఖాకీ క్వార్టర్స్

అడిగాను. ఆయన చాలాసేపు చెప్పారు, ముఖ్యమైనవి రాస్తున్నాను.

ఆధార్ సంగతి తీసేయమన్నారు. ఆ వేలిముద్రలు పోలీసులకు ఇవ్వరు. పైగా నీళ్ళలో నానిన చేతుల చర్మం ఊడి వస్తుంది, ముద్రలు తీయడమే కష్టం. ముందు చుట్టుపక్కల స్టేషన్లలో మిస్సింగ్ కేసులు చూస్తారు. ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, కానీ మొహం ఉబ్బిపోయి ఉంటే సొంత తమ్ముడు కూడా గుర్తుపట్టలేడు. అందుకని బట్టలు, పచ్చబొట్టు, చెప్పులు, మొలతాడు, పాత ఆపరేషన్ మచ్చ చూస్తారు. చొక్కా కాలర్ లోపల టైలర్ కుట్టిన లేబుల్ ఉంటే పండగే. దాని మీద ఊరి పేరు ఉంటుంది, ఆ టైలర్ దగ్గరికి చొక్కా పట్టుకుని ఒక కానిస్టేబుల్ వెళతాడు. నాన్న అలా వెళ్ళారు కూడా. టైలర్ కుట్టు చూసి "ఇది నేను కుట్టిందే" అని చెబుతాడు కానీ ఎవరికి కుట్టాడో చెప్పడానికి భయపడతాడు, ఈ సినిమా మొదట్లో రైతు లాగానే.

పోస్టుమార్టం గురించి కూడా చెప్పారు. శవం వెంట కానిస్టేబుల్ వెళ్ళాలి, పోస్టుమార్టం అయ్యేదాకా బయట కూర్చోవాలి. విషం అనుమానం ఉంటే డాక్టరు లోపలి అవయవాల ముక్కలు సీసాల్లో ఉప్పు ద్రావణంలో వేసి సీలు చేసి ఇస్తారు. అవి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరాలి. రిపోర్టు మర్నాడు రాదు, వారాలు పడుతుంది. "రాత్రి పదకొండు ఇరవైకి చనిపోయాడు" అని ఏ డాక్టరూ చెప్పరు, ఫలానా గంటల మధ్య అని చెబుతారు. నీళ్ళలో పడి చచ్చాడా, చచ్చాక పడేశారా అన్నదే ముందు తేలాల్సిన ప్రశ్న.

మార్నింగ్ షో

టైలర్ దగ్గరికి వెళ్ళేది ఆ మహిళా కానిస్టేబుల్ అయితే? సినిమాలో ఆమెకు ఒక్క పనీ ఇవ్వలేదు.

ఖాకీ క్వార్టర్స్

వెళ్ళొచ్చు. స్టేషన్‌లో మనుషులు ఎప్పుడూ తక్కువే, ఖాళీగా ఎవరుంటే వాళ్ళను పంపుతారు. నాన్న అన్నది, ఆమె యూనిఫాంలో వెళ్ళకపోతే టైలర్ ఇంకొంచెం తొందరగా నోరు విప్పుతాడట.

కొత్త కలం

ఆధార్ సీను తీసేశాను. టైలర్ కొట్టు ఇప్పుడే మొదలుపెట్టాను. పేజీలు అయ్యాక ఇక్కడ పెడతాను, నల్లకోటు గారూ, పంచనామా దగ్గర తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

నల్లకోటు

తప్పకుండా. పంచులు ఇద్దరినీ ఆ ఊరివాళ్ళనే రాయండి, వాళ్ళకు పేర్లు పెట్టండి. కోర్టు సీను ఉంటే వాళ్ళే మళ్ళీ రావాలి.